వెనక కట్టిన మూడో సైకిల్

కెర్నీ, నెబ్రాస్కా
జూన్ మొదటివారం, 1983

వదినకి,

మీరు బయల్దేరి నాలుగు రోజులైనా కాలేదు, అప్పుడే పోట్లాటకి దిగిందేమిటి ఈ ఆడపడుచు అనుకోకు. నిన్న షెడ్డు తలుపు తీస్తే నా నీలం సైకిల్ లేదు. దొంగలు పడ్డారేమోనని వీధిలోకి పరిగెత్తాను. పక్కింటావిడ కంచె మీంచి తల పెట్టి, "దొంగలెక్కడమ్మా, మీ అన్నయ్యే! గొలుసుకి నూనె వెయ్యాలంటూ ట్రక్కులో పడేసుకుని పోయాడు" అంది.

గొలుసుకి నూనె వేయడానికి ఒరెగాన్ సముద్రం దాకా తీసుకెళ్ళాలా? నెబ్రాస్కాలో నూనె కరువైందా? నేను దాన్ని ఎక్కి రెండేళ్ళయిందన్న మాట నిజమే. అయినా అది నాది. నా షెడ్డులో, నా గోడకి ఆనుకుని ఉండాలి. అన్నయ్యకి నా మాటగా చెప్పు. గొలుసుకి నూనె వేస్తే వేసుకోనీ, చక్రాలకి గాలి కొడితే కొట్టుకోనీ. సీటు జోలికి మాత్రం పోవద్దు. అది ఎక్కడుందో అక్కడే ఉండాలి.

ఇంకేం రాయను. కోపంగా ఉన్నాను. దారిలో ఎక్కడ ఏం తింటున్నారో రాయి.

ట్వైలా

*

చాడ్రన్, నెబ్రాస్కా

ట్వైలాకి,

నీ సైకిల్ క్షేమం. నాకన్నా క్షేమం. మీ అన్నయ్య పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి దాని తాళ్ళు లాగి చూసుకుంటున్నారు. "నీ నడుం నొప్పి ఎలా ఉంది ఆర్డిత్?" అని నన్ను ఒక్కసారీ అడగలేదు. దాన్ని ఎందుకు తెచ్చారంటావా, ఆయన్నే అడుగు. అన్నాచెల్లెళ్ళ మధ్య నేను దూరను.

మా సవారీ సంగతి చెప్తాను, నీ కోపం కాస్త దిగుతుంది. ట్రక్కుతో లాక్కెళ్తున్న మా చక్రాల ఇల్లుందే, ఆ ట్రైలర్ వెనక బంపర్ మీద మీ అన్నయ్య ఒక ఇనప చట్రం బిగించి, మా సైకిళ్ళు రెండూ, నీది ఒకటీ వరసగా కట్టారు. అంతటితో ఊరుకుంటే ఆయన మీ అన్నయ్య ఎందుకవుతారు? ట్రక్కు తొట్టి నిండా సామాను వేసి, దానికి ట్రైలర్ తగిలించేసరికి ట్రక్కు వెనక కుంగి, ముక్కు ఆకాశంలోకి లేచింది. ఆయనకి అది తలవంపులైపోయింది. ఐసుపెట్టె, కరెంటు పుట్టించే మోటారు, మడత కుర్చీలు తొట్టిలోంచి దించి, అన్నీ పట్టుకెళ్ళి ఆ వెనక బంపర్ మీదకే ఎక్కించారు. ట్రక్కు మట్టంగా నిలబడింది. "చూశావా, చూశావా! గోళీ పెడితే దొర్లదు!" అని చుట్టూ తిరిగి మురిసిపోయారు. ఏళ్ళ తరబడి స్కూలు బస్సు నడిపిన మనిషికి నేను చెప్పేదేముంది?

ఇక్కడ క్యాంపులో జనానికి సాయంత్రమైతే ఒకటే కాలక్షేపం. కొత్తగా వచ్చిన జంట ట్రైలర్‌ని వెనక్కి పెట్టుకుంటుంటే కుర్చీలు వేసుకుని చూడటం. మొగుడు స్టీరింగు తిప్పుతాడు, పెళ్ళాం వెనక నిలబడి చేతులూపుతుంది, ఇద్దరూ విడాకుల దాకా వెళ్ళొస్తారు. నిన్న మా వంతు. పక్క స్థలంలో ఆవిడ కాఫీ తాగుతూ, "ఏమ్మా, మీ ఇంట్లో సామాను లోపల పెట్టుకునే అలవాటు లేదా? అంతా గుమ్మం బయటే ఉందే!" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. వాళ్ళాయన మాత్రం నవ్వలేదు. వచ్చి మా బంపర్ని వేలితో కొట్టి చూశాడు. లోపల డొల్లగా మోగింది.

"ఇది మురుగు గొట్టం దాచుకోడానికి పెట్టిన రేకు డబ్బా అండీ. మోయడానికి కాదు," అన్నాడు.

"ఇనుమండీ, ఇనుము!" అన్నారు మీ అన్నయ్య.

ఆ మాటతో సంభాషణ అయిపోయింది. రేపు వయోమింగ్‌లోకి పోతాం. ల్యాండర్ పోస్టాఫీసులో నా పేరున ఉంచమని రాయి, తీసుకుంటాను.

నీ వదిన
ఆర్డిత్

*

కెర్నీ

వదినా,

గుమ్మం బయట సామాను చదివి ఒక్కదాన్నే వంటింట్లో నిలబడి నవ్వాను. ఈ ఇంట్లో నవ్వు వినపడి చాలా రోజులైంది, పిల్లి కూడా వచ్చి చూసింది.

కానీ నువ్వు నా ప్రశ్న దాటేశావు. ఇద్దరు మనుషులకి మూడు సైకిళ్ళు ఎందుకు? ఇంత తెలివితక్కువదాన్నా నేను? ఎవరైనా నన్ను ఎక్కడికైనా లాక్కెళ్ళే ఆలోచనలో ఉంటే ఇప్పుడే మానుకోమను. నాకు ఇక్కడ పని తెమలడం లేదు. జెరేనియం కుండీలు మార్చాలి, చర్చి వంటలకి జాబితా ఉంది, మేడ మెట్లకి రంగు వేయాలి. మా ఆయన క్లేటన్ పోయాక నేను ఇల్లు కదలడం లేదని అన్నయ్య ఊరంతా చెప్తున్నాడట. కదలకపోతే ఏం? ఇల్లు కరుస్తోందా?

ఆ సీటు సంగతి నీకు చెప్పలేదు కదూ. తన సైకిల్ పాడైపోయాక క్లేటన్ పొద్దున్నే నాది వేసుకుని పాలకి వెళ్ళేవాడు. తన పొడుగుకి సీటు పైకి లేపేవాడు, తిరిగొచ్చాక దించేవాడు కాదు. రోజూ అదే గొడవ. "మళ్ళీ లేపావా?" "మళ్ళీ దించుకుంటావుగా!" చివరిసారి లేపింది అలాగే ఉండిపోయింది. అందుకని ముట్టుకోవద్దన్నాను. నవ్వుకుంటే నవ్వుకో.

అన్నయ్యకి చెప్పు, రేకు డబ్బాని ఇనుమంటే అది ఇనుమైపోదని.

ట్వైలా

*

ల్యాండర్, వయోమింగ్

ట్వైలా,

నీ ఉత్తరం పోస్టాఫీసు మెట్ల మీదే చదివాను. నవ్వుకోలేదు. సీటు గురించి మీ అన్నయ్యకి చెప్తే టోపీ తీసి చేతిలో పట్టుకుని కూర్చున్నారు.

ఇప్పుడు నేను రాసేది ఆయన చూడకుండా, బట్టలు ఉతుక్కునే గదిలో కూర్చుని రాస్తున్నాను. ఫోన్ చేద్దామంటే బూత్ దగ్గర ఆయన పక్కనే నిలబడతారు. నాకు భయంగా ఉంది ట్వైలా. వయోమింగ్‌లోకి వచ్చినప్పట్నుంచి ట్రైలర్ ఊగుతోంది. ఎదురుగా పెద్ద లారీ వస్తే చాలు, అది దాటిపోగానే మా వెనక ఇల్లు కుడికోసారి, ఎడమకోసారి తోక ఝాడిస్తుంది. దాంతోపాటు ట్రక్కూ, ట్రక్కులో మేమూ. నిన్న ఒకసారి అవతలి వరసలోకి సగం వెళ్ళిపోయాం. అదృష్టం, ఎదురుగా ఎవరూ లేరు. మీ అన్నయ్య రెండు చేతులా స్టీరింగు తిప్పి మళ్ళీ మా వరసలోకి తెచ్చారు. "గాలి," అన్నారు. కిటికీలోంచి చూస్తే గడ్డిపరక కదలడం లేదు.

"ఏమండీ, వెనక బరువు తీసేద్దాం. వెనక్కి తిరిగి ఇంటికి పోయినా నాకు ఫరవాలేదు," అన్నాను. ఆయన మోటారు ఎవరికైనా ఇచ్చేస్తానన్నారు, కుర్చీలు పారేస్తానన్నారు. "పోనీ ఆ మూడో సైకిల్ బస్సులో వెనక్కి పంపేయండి," అన్నాను. దానికి మాత్రం ససేమిరా అన్నారు. ఎందుకో నన్నడగకు, ఆయనకి మాటిచ్చాను. తీరా చూస్తే మోటారూ ఇవ్వలేదు, కుర్చీలూ పారేయలేదు. బరువు తగ్గిస్తే ట్రక్కు మళ్ళీ కుంగుతుందట, మట్టం పోతుందట!

ముందు కనుమ ఉంది. ఎక్కడం కాదు, దిగడం తలుచుకుంటే నాకు అన్నం సయించడం లేదు. నీ మాటంటే ఆయనకి గురి. ఒక్క ముక్క రాయి. కనుమ అవతల కెమరర్ పోస్టాఫీసుకి పంపు, ఇక్కడికైతే మేముండగా అందకపోవచ్చు. వారాంతం ఇక్కడే ఉండి, సోమవారం బయల్దేరతాం.

ఆర్డిత్

*

కెర్నీ

అన్నయ్యా,

ఈ ఉత్తరం నీకే. వదినకి కాదు. ఆవిడ పక్కన ఉంటే పైకి చదివి వినిపించు.

నాన్న గడ్డిబండి గుర్తుందా? నీకు ఎనిమిదేళ్ళు, నాకు ఐదు. పాత రెండు చక్రాల బండి. ముందుకి పొడుచుకొచ్చిన నొగకి గుర్రాలు ఇంకా కట్టలేదు. "నొగ మీద కూర్చోరా" అని నాన్న నిన్ను కూర్చోబెట్టి అటు వెళ్ళాడు. నువ్వు పనివాళ్ళని కేకేసి, గడ్డంతా వెనకవైపే వేయించావు. ముందు వేస్తే నీకు గుచ్చుకుంటుందని! చూస్తుండగానే బండి వెనక్కి తూలింది. నొగ పైకి లేచింది, దాంతోపాటు నువ్వూ లేచావు. కొట్టం చూరు ఎత్తున రెండు చేతులా నొగ పట్టుకుని వేళ్ళాడుతూ, "నాన్నా! నాన్నా!" అని అరిచావు. నేను కింద నిలబడి చప్పట్లు కొట్టాను. నాన్న పరిగెత్తుకొచ్చి నిన్ను దించి, ముందు నీకొకటి అంటించి, తర్వాత చెప్పాడు: "ముందు బరువు లేకపోతే బండి మన మాట వినదురా వెర్లిన్."

నీ ట్రక్కు మట్టంగా నిలబడ్డది నీ గొప్ప వల్ల కాదన్నయ్యా. వెనక కట్టిన సామాను ట్రైలర్ నొగని పైకి లేపుతోంది, అందుకని ట్రక్కు కుంగడం లేదు. ట్రైలర్‌ని ముందు నొక్కి పట్టేది ఏదీ లేదు, కనక అది ఇష్టమొచ్చినట్టు ఊగుతోంది. అదే గడ్డిబండి. ఈసారి నొగ మీద వదిన కూడా కూర్చుంది.

ట్రక్కు కుంగితే కుంగనీ. ఎవరు చూస్తున్నారు? నా సైకిల్ మీద నీకున్న పట్టుదల ఎందుకో నాకు తెలుసనే అనుకుంటున్నాను. వద్దు. ఆ కొండల్లో ఎక్కడో దాన్ని పారేసినా నేను అడగను. నాకు ఇక మిగిలింది మీ ఇద్దరే. అది గుర్తు పెట్టుకో.

దీన్ని ఇప్పుడే పోస్టులో వేస్తున్నాను. మీరు కనుమ దిగాక గానీ ఇది అందదు. అందుకే ల్యాండర్ క్యాంపుకి ఫోన్ చేశాను. మీరు ఒకరోజు ముందే వెళ్ళిపోయారట.

చేరగానే ఫోన్ చెయ్యి. రాత్రయినా సరే.

ట్వైలా

*

కెమరర్, వయోమింగ్

ట్వైలా, మా బంగారం,

నిన్న ఫోన్‌లో నీ గొంతు విన్నాక, మీ అన్నయ్యా నేనూ ఇద్దరమూ బూత్‌లోనే ఏడ్చాం. బయట నిలబడ్డ వాళ్ళు మాకేదో చావు కబురు వచ్చిందనుకుని టోపీలు తీశారు. "క్షేమం, క్షేమం" అన్నది తప్ప నీకేం చెప్పానో నాకే గుర్తు లేదు. ఇప్పుడు మొత్తం రాస్తాను. కుర్చీలో కూర్చుని చదువు.

వాన వచ్చేలా ఉందని ఆదివారమే బయల్దేరాం. పొద్దున్నే మా తంతు నీకు తెలుసుగా. నేను ట్రైలర్ వెనక నిలబడాలి, ఆయన మీటలు నొక్కాలి, ఏ దీపం వెలిగితే అది నేను అరవాలి. "కుడి! ఎడమ! బ్రేకు!" క్యాంపంతా పెళ్ళాలు ఇలాగే అరుస్తుంటారు, కోళ్ళు కూసినట్టు. అరుస్తూ నిలబడ్డానా, నీ సైకిల్ సీటు మీద మంచు పట్టి ఉంది. తువ్వాలుతో తుడుద్దామని పట్టుకున్నాను. చట్రం మొత్తం నా వైపు కాస్త ఒరిగినట్టు అనిపించింది. నీ ఉత్తరంలో క్లేటన్ గురించి రాసిన మాటలు గుర్తొచ్చాయి. ఏది పడితే అది పడనీ, ఇది మాత్రం పడకూడదనుకున్నాను. తాళ్ళు విప్పి, లోపలికి మోసుకెళ్ళి, సీటు కదలకుండా తువ్వాలు చుట్టి మా మంచం మీద పడుకోబెట్టాను.

"మంచం మీద సైకిలేమిటి ఆర్డిత్!"

"దాన్ని కిందికి దించితే నేను ట్రక్కు ఎక్కను!"

ఆయన గొణుక్కుంటూ తలుపు వేశారు.

కనుమ సగం దిగాక ఊపు మొదలైంది. ఎప్పటికన్నా ఎక్కువ. మా వెనక ఒక పాత రైతు ట్రక్కు వస్తోంది, అందులో ఒక ముసలాయన. ఆయన దీపాలు ఆర్పి వెలిగిస్తున్నాడు, హారను ఆపకుండా మోగిస్తున్నాడు. మీ అన్నయ్య బ్రేకు మీద విరుచుకుపడలేదు. గ్యాసు మీంచి కాలు తీసేసి, మెల్లమెల్లగా, స్కూలు పిల్లల్ని మోస్తున్నట్టు పక్కకి తెచ్చి ఆపారు. ఆ మాట ఒప్పుకోవాలి. ఆపేముందు వెనక ఏదో ఇనుము రోడ్డుని గీరుతున్న చప్పుడైంది.

దిగి చూశాం. బంపర్ ఒక వైపు అతుకు పూర్తిగా ఊడిపోయి, రెండోవైపు పట్టుకుని వేళ్ళాడుతోంది. మీ అన్నయ్య కొత్త సైకిల్ చక్రం అప్పడంలా ముడుచుకుపోయింది. నాది చూస్తే సైకిలని చెప్పలేం. ఐసుపెట్టె గోతిలో పడింది. అన్నిటికన్నా మించి, ఆ డొల్ల బంపర్లో దాచిన మురుగు గొట్టం బయటికి జారి రోడ్డు మధ్యలో పొడుగ్గా పడుకుంది. ఆ ముసలాయన తన ట్రక్కు అడ్డం పెట్టి వెనక కార్లన్నీ ఆపేశాడు. అందులో ఉన్నవాళ్ళంతా మా మురుగు గొట్టాన్నే చూస్తున్నారు. ఎవరికీ గోరంత దెబ్బ తగల్లేదు. ఎవరికీ! ఆ గొట్టం చుట్టడానికి వంగిన మీ అన్నయ్య అక్కడే కూలబడి నవ్వడం మొదలుపెట్టారు. నాకు ఒళ్ళు మండింది. దగ్గరికెళ్ళి చూస్తే నవ్వు కాదు.

"నిన్ను చంపేసేవాణ్ణి ఆర్డిత్," అన్నారు.

"చంపలేదుగా. లేచి ఆ గొట్టం చుట్టండి, జనం చూస్తున్నారు," అన్నాను. ఇంకేమనను?

ముసలాయన సాయంతో బంపర్ కోసేసి, ఇక్కడికి చేరాం. నీ ఉత్తరం మంగళవారం అందింది. గడ్డిబండి కథ పైకి చదువుతుంటే "వేళ్ళాడుతూ" దగ్గర ఆపేశారు. "చప్పట్లు కొట్టిన సంగతి నాన్నకి చెప్పలేదు నేను," అన్నారు. తర్వాత వాన వస్తున్నా లెక్కచేయకుండా బయటికెళ్ళి సామానంతా మార్చేశారు. మోటారు, ఐసుపెట్టె తొట్టిలో ముందుకి. డబ్బాలు, కుండలు ట్రైలర్ ముందు అరల్లోకి. వెనక ఏమీ లేదు. ట్రక్కు మళ్ళీ కుంగింది, ముక్కు మళ్ళీ ఆకాశంలోకి లేచింది. నిన్న ఊరి బయట రోడ్డు మీద నడిపి చూశాం. పక్కనుంచి ఎంత పెద్ద లారీ పోయినా మా ట్రైలర్ బుద్ధిమంతురాల్లా వెనకే వచ్చింది. నేను ఎన్నాళ్ళకో కళ్ళు మూసుకుని సీటుకి జారబడ్డాను. అన్నం కూడా రెండోసారి వడ్డించుకున్నాను.

ఇక మాటిచ్చిన సంగతి. సైకిల్ ఒరెగాన్ చేరితే దాని వెనకే నువ్వూ వస్తావని మీ అన్నయ్య ఆశ. "సామాను ముందు వెళ్తే మనిషి వెనక రాక తప్పదు" అనేవారు. నాకు నిజానికి ఆయన మీద కోపం, నీ మీదా కోపం. కానీ నాకూ అదే ఆశ. నువ్వు రాకపోతే ఆ సముద్రం దగ్గర కూర్చుని మేమిద్దరం ఏం మాట్లాడుకుంటాం? ఒరెగాన్‌లో బేకర్ మీదుగా మీ ఊరి బస్సు వస్తుంది, అక్కడే కలుద్దాం; ఏ రోజో అక్కడి పోస్టాఫీసుకి రాయి. కింద ఆయన ఏదో రాస్తారట, కలం లాక్కుంటున్నారు.

ఆర్డిత్

ట్వైలా,
నాకు ఉత్తరాలు రాయడం చేతకాదు. నీ సైకిల్‌కి గీత కూడా పడలేదు. గాలి కొట్టాను. గొలుసుకి నూనె వేశాను. సీటు ముట్టుకోలేదు. ఇప్పుడు అన్నిటికన్నా ముందు, ట్రక్కు తొట్టిలో మా సీటు వెనకే ఉంది. ట్రక్కులో మధ్య సీటు ఖాళీగా ఉంది. నువ్వు కూర్చుంటే ట్రక్కు ఇంకా కుంగుతుంది. కుంగనీ.
అన్నయ్య

*

కెర్నీ

వదినా,

నేను బరువని రాయడానికి అన్నయ్యకి ఎంత ధైర్యం!

నిన్నంతా మీ ఉత్తరం జేబులో పెట్టుకుని తిరిగాను. మీరిద్దరూ ఉన్నారు, బాగున్నారు. దీన్ని ఎన్నిసార్లు పైకి అనుకున్నానో లెక్క లేదు. జెరేనియం కుండీలు మార్చలేదు, మెట్లకి రంగూ వేయలేదు. వేయబోనని నాకు ముందే తెలుసు. నిజం చెప్తున్నాను, ఏ పనీ లేదిక్కడ నాకు. పొద్దున లేచి షెడ్డు తలుపు తీస్తాను, సైకిల్ లేని గోడ చూస్తాను, తలుపు వేస్తాను. మీరు తీసుకుపోయాక గానీ నాకు తెలియలేదు, సైకిల్ ఉన్నప్పుడూ నేను చేసింది అదేనని.

పిల్లి బాధ్యత పక్కింటావిడ తీసుకుంది. శుక్రవారం బస్సు ఎక్కుతున్నాను. శనివారం బేకర్‌లో దిగుతాను, వదినా, నువ్వే రా స్టాపుకి. అన్నయ్య వస్తే అందరి ముందూ ఏడుస్తాడు.

మరొక్క మాట. నేను వచ్చేలోపు సీటు కిందికి దించమని అన్నయ్యకి చెప్పు. అది క్లేటన్ ఎత్తుకి ఉంది. నాకు కాళ్ళు అందవు.

ట్వైలా